అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి

"పాత కారు కొనవచ్చు, విద్యుత్ కారూ కొనవచ్చు. పాత విద్యుత్ కారు మాత్రం కొనరాదు." అమెరికాలోని మనవారి వారాంతపు విందుల్లో ఈ వాక్యం ధర్మసూత్రంలా స్థిరపడిపోయింది. సూత్రం సరే, దీనికి భాష్యమేదీ అని అడిగితే మాత్రం విస్తరి ముందున్న పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "బ్యాటరీ చచ్చిపోతుందండీ" అంటాడొకరు. "అందుకేగా అంత చవగ్గా అమ్ముతున్నారు" అంటాడు ఇంకొకరు. మూడో ఆయన తనకు తెలిసిన ఎవరికో జరిగిన కథ చెబుతాడు. ఆ ఎవరిదో ఏ కారో, ఏ సంవత్సరానిదో ఆయనకు తెలియదు. పదివేల డాలర్లు కూడబెట్టుకుని రెండో కారు కొనదలచిన కొత్త సంసారి ఈ మాటలు విని, నెలనెలా అయిదారువందలు కట్టే అప్పు మీద కొత్త కారు తెచ్చుకుంటాడు. చెప్పినవారికి పోయేదేమీ లేదు. ఐదేళ్ళు అప్పు కట్టేది విన్నవాడు.

ఈ సూత్రాన్ని ఖండించడమే ఈ టపా ఉద్దేశం. గాలిలో కత్తి తిప్పడం ఎందుకని ఒక్క కారును ఉదాహరణగా తీసుకుంటున్నాను. అది బి.ఎం.డబ్ల్యూ. వారి ఐ3. దీనినే ఎన్నుకోవడానికి కారణం ఉంది. 2013లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మొదలైన దీని తయారీ 2022లో ఆగిపోయింది. అప్పటికి సుమారు రెండున్నర లక్షల కార్లు బయటికి వచ్చాయి. కనుక ఈనాడు ఐ3 కొనడమంటే పాతది కొనడమే. కొత్తదా పాతదా అన్న మీమాంసకు ఇక్కడ తావు లేదు.

ముందు వస్తువును గూర్చి నాలుగు మాటలు. దీని కూర్చునే గది ఉక్కుతో కట్టింది కాదు, కార్బన్ పోగులను జిగురుతో బిగించి చేసింది. కింది చట్రం అల్యూమినియం. అందుచేత బ్యాటరీ బరువుతో కలిపి కూడా మొదటి నమూనా 1,200 కిలోలకు లోపే తూగింది. ఆ గదికి తుప్పు పట్టదు. మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు ఉక్కు కార్ల అడుగుభాగాన్ని ఎట్లా తినేస్తుందో చూసినవారికి ఈ ఒక్క గుణం విలువ తెలుస్తుంది. పదిమీటర్ల లోపు వలయంలో వెనుదిరుగుతుంది, ఇరుకు సందులకు అంతకన్న వరం లేదు. ఇక లోపలి తలుపుల అద్దకానికి వాడిన నార ఏమిటో తెలిసి నేను ముక్కున వేలేసుకున్నాను. కెనాఫ్ అంటారట. అది మన గోగు! మన పల్లెల్లో పశువులకు పగ్గాలు పేనిన గోగునారను జర్మనులు నలభైవేల డాలర్ల కారులో అలంకారంగా పొదిగారు. మనం మాత్రం గోగు పేరెత్తితే ఆకు దగ్గరే ఆగిపోతాం.

నలభైవేలన్నది అతిశయోక్తి కాదు. అమెరికాలో 2014 నాటి ప్రారంభ వెల 41,350 డాలర్లు. దాన్ని అమ్మబోయినవారికి అడవే ఎదురైంది. మూడు నాలుగేళ్ళలోనే సగానికి పైగా వెల జారిపోయింది. ఎందుకు? యంత్రం అరిగిపోయిందనా? కాదు. కొత్తది కొన్నప్పుడు ప్రభుత్వం 7,500 డాలర్ల పన్ను రాయితీ ఇచ్చింది, ఆ మేరకు పాతదాని వెల మొదటి రోజే తగ్గింది. చాలా కార్లు మూడేళ్ళ అద్దె ఒప్పందాల మీద వెళ్ళి, గడువు తీరగానే గుంపుగా విపణికి తిరిగివచ్చాయి. ఈలోగా ఇంతకు రెండింతలు దూరం పోయే కొత్త కార్లు వచ్చాయి. ఈ మూడు కారణాల్లో ఒక్కటైనా కారు ఆరోగ్యానికి సంబంధించినదా? తెలుగులో వెల వేరు, విలువ వేరు. వెల సంతలో పుడుతుంది, విలువ వాడుకలో తేలుతుంది. "చవగ్గా అమ్ముతున్నారు కనుక పనికిరానిది" అనేవారు ఈ రెంటినీ కలగలిపి మాట్లాడుతున్నారు. అమ్మినవాడికి అడవి అయినది కొనేవాడికి కొరివి కానక్కరలేదు. ఆ సామెతను తిరగవేసే అవకాశం జీవితంలో తరచుగా రాదు.

ఇక "బ్యాటరీ చచ్చిపోతుంది" అనే మాట. దీనికొక చరిత్ర ఉంది. నిస్సాన్ వారి లీఫ్ తొలి నమూనాల బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. 2012లో అరిజోనా ఎండలకు వాటి సామర్థ్యం ఏడాది రెండేళ్ళలోనే పడిపోయిందని యజమానులు గగ్గోలు పెట్టారు, వ్యవహారం న్యాయస్థానం దాకా పోయింది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కాని ఒక కారు లక్షణాన్ని విద్యుత్ కార్లన్నిటికీ అంటగట్టడాన్ని మన తర్కశాస్త్రం అవ్యాప్తి దోషమంటుంది. కపిలవర్ణం గోవు లక్షణమని చెప్పడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. ఐ3 బ్యాటరీ కింద శీతల వాహిని పరచి ఉంటుంది. మనకు చల్లగాలినిచ్చే ద్రవమే దానినీ చల్లబరుస్తుంది. పైగా బ్యాటరీ ఎనిమిది పెట్టెలుగా, ఒక్కొక్క పెట్టెలో పన్నెండు ఘటాలుగా అమర్చి ఉంటుంది. ఒక పెట్టె చెడితే దాన్ని మాత్రమే మార్చే వీలుంచి కట్టారు. కార్లలో పనిచేసి దిగిన ఐ3 బ్యాటరీలను లైప్‌జిగ్ కర్మాగారంలోనే గాలిమరల విద్యుత్తును నిలువచేయడానికి 2017 నుండి వాడుతున్నారు. చచ్చిన వస్తువుకు ఎవరూ మళ్ళీ ఉద్యోగం ఇవ్వరు.

ఇందులో మూడు తరాలున్నాయి, వీటిని గుర్తెరగకుండా బేరానికి దిగరాదు. మొదటిది 60 ఆంపియర్ అవర్లది. వాడుకకు దొరికేది 18.8 కిలోవాట్ అవర్లు. అమెరికా ప్రభుత్వ పరీక్షలో 81 మైళ్ళు నడిచింది. 2016లో వచ్చిన రెండోది 94 ఆంపియర్ అవర్లది, 27.2 కిలోవాట్ అవర్లు, 114 మైళ్ళు. 2018 చివర వచ్చిన మూడోది 120 ఆంపియర్ అవర్లది, 37.9 కిలోవాట్ అవర్లు, 153 మైళ్ళు. చూపులకు మూడూ ఇంచుమించు ఒక్కటే. అక్కచెల్లెళ్ళను చూసి పెద్దదెవరో పోల్చుకోలేనట్టు ఉంటాయి. ఎముకలు కొరికే చలిలో ఈ మైళ్ళలో నాలుగోవంతో మూడోవంతో తగ్గుతాయని కూడా గుర్తుంచుకోవాలి.

అసలు నా కోపం అమ్మేవారి మీద. పాత కార్ల ప్రకటనలు చూడండి. రంగు రాస్తారు, తోలు సీట్లు రాస్తారు, చక్రాల డిజైను రాస్తారు, ఎన్ని మైళ్ళు తిరిగిందో పెద్ద అక్షరాల్లో రాస్తారు. బ్యాటరీలో ఎంత సామర్థ్యం మిగిలి ఉందో రాసినవాడు నూటికొకడు కనబడితే గొప్ప. ధాన్యం కొనేవాడికి బస్తా రంగు చెప్పి తూకం దాచడం వంటిది ఇది. పిల్లల దగ్గర ఉన్న రోజుల్లో వారితో కలసి ఒక అమ్మకపుశాలకు వెళ్ళి, "బ్యాటరీ ఎంత నిలిచి ఉంది నాయనా?" అని అడిగాను. "తక్కువ మైళ్ళే తిరిగిందండీ" అన్నాడు. అడిగినదేమిటి, చెప్పినదేమిటి? రెండోసారి అడిగితే కారు స్టార్టు చేసి ముందు తెర మీద కనబడే మైళ్ళ అంకె చూపించాడు. ఆ అంకె గడచిన కొద్ది రోజులు ఎవరు ఎట్లా నడిపారన్న దాన్ని బట్టి కారు వేసుకునే ఊహ. మెల్లగా నడిపినవాడి చేతిలో ముసలి బ్యాటరీ కూడా ఘనంగా కనబడుతుంది. అది అనుమానమే గాని ప్రత్యక్షం కాదు. అమ్మేవాడి మాట ఎలాగూ ఆప్తవాక్యం కాదు.

ప్రత్యక్షానికి దగ్గరగా వెళ్ళే దారి ఒకటి ఉంది. ముందు తెర పక్కనున్న మీటను పది సెకండ్లు నొక్కి పట్టుకుంటే పరీక్షల పట్టిక ఒకటి తెరుచుకుంటుంది. కారు గుర్తింపు సంఖ్యలోని చివరి అంకెల కూడికే దానికి తాళంచెవి. అందులో 'బాట్. కాపా. మాక్స్' అన్నచోట ఉండే అంకె ఇప్పుడు బ్యాటరీ పట్టగలిగిన కిలోవాట్ అవర్లు. మొదటి తరం కారులో 18కి అటూఇటూ ఉంటే నిశ్చింత, 15కు దిగితే వెల దించమని అడగాలి. చలికాలంలో ఆ అంకె కొంచెం తగ్గి కనబడుతుంది గనుక రెండు మూడు మార్లు చూడడం మేలు. కొన్ని కార్లలో ఆ వరుస కనబడదు. అప్పుడు ఓ.బి.డి. పరికరాన్ని గుచ్చి ఫోనులో చూసుకోవచ్చు. దానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. ఐరోపా సమాఖ్య 2027 ఫిబ్రవరి నుండి కొత్త వాహనాల బ్యాటరీలకు 'పాస్‌పోర్టు' తప్పనిసరి చేస్తోంది. మంచిదే, కాని ఇప్పటికే రోడ్ల మీదున్న కార్లకు అది వర్తించదు. వాటికి కొనేవాడి కళ్ళే పాస్‌పోర్టు.

ఎనిమిదేళ్ళు లేక లక్ష మైళ్ళ వరకు బ్యాటరీకి తయారీదారు హామీ అమెరికాలో ఉండేది. 2014, 15, 16 నాటి కార్లకు అది ముగిసిపోయింది. 2020, 21 నాటివాటికి ఇంకా నడుస్తోంది. ఈ తేడాకు వెలలో లెక్క కట్టాలి.

ఇంత చెప్పాక ఎదుటి పక్షంలోని భక్తులను కూడా వదలను. ముక్కు మీది నీలం తెలుపు గుండ్రటి గుర్తును చూసి, ఆ పేరున్న కారు ఇంత చవకా అని ఎగిరి గంతేసేవారున్నారు. వారికి చెప్పేదేమంటే, వెల పాతదైనా మరమ్మతు బిల్లు పాతది కాదు. ఈ కారుకు నిజంగా ప్రాణాంతకమైనది బ్యాటరీ కాదు, శీతలయంత్రపు కంప్రెసరు. అది లోపల విరిగిపోతే లోహపు రజను వాహినులన్నిటా వ్యాపిస్తుంది. నేను ఇందాక మెచ్చుకున్న ఏర్పాటే అప్పుడు శాపమవుతుంది. గదిని చల్లబరిచే ద్రవమే బ్యాటరీనీ చల్లబరుస్తుంది గనుక ఆ రజను అక్కడికీ చేరుతుంది. అంతా విప్పి, మార్చి, శుభ్రపరచడానికయ్యే ఖర్చు కారు వెలను మించిపోవచ్చు. కనుక కొనేముందు చల్లగాలి పెట్టి అరగంట నడిపి, వింత చప్పుళ్ళు వినాలి. ముప్ఫై ఏళ్ళు తుప్పు పట్టని గదిని కట్టినవారు పిడికెడు రజనును ఆపే జల్లెడ ఒకటి పెట్టలేకపోయారా? ఈ ప్రశ్నను తయారీదారులను అడగవలసిందే. నిష్కల్మషమైన దేహాన్ని కంప్రెసరు కోసం చెత్తకుప్పకు పంపడం పర్యావరణ సేవ ఎట్లా అవుతుంది?

టైర్ల సంగతీ ఉంది. పందొమ్మిది అంగుళాల రిమ్ము, 155 మిల్లీమీటర్ల వెడల్పు. సైకిలు చక్రానికి అన్నయ్యలాంటి ఈ కొలత ఇతర కార్లకు ఉండదు, చేసేవారు అరుదు, వెల ఎక్కువ. కార్బన్ గదికి గట్టి దెబ్బ తగిలితే బాగుచేయగల చోట్లూ తక్కువే. పాత ప్రమాదాల చరిత్ర చూడకుండా కొనకండి. 2014 నాటి కొన్నింటిలో శీఘ్ర ఛార్జింగు అమరిక అదనపు వెలకు ఇచ్చినది. ఛార్జింగు మూత తెరచి, గుండ్రటి అమరిక కింద రెండు పెద్ద రంధ్రాలున్నాయో లేవో చూసుకోండి.

పెట్రోలు ఇంజను తోడుగా ఉన్న రకం ఒకటి ఉంది. 647 సి.సి. స్కూటరు ఇంజను అది, చక్రాలను తిప్పదు, విద్యుత్తు మాత్రం పుట్టిస్తుంది. అమెరికా కార్లలో బ్యాటరీ ఇంచుమించు అడుగంటేదాకా అది మేలుకోదు. ఆ దశలో కొండ ఎక్కవలసివస్తే కారు ఆయాసపడుతుంది. రెండు యంత్రాల మరమ్మతు, ఒక యంత్రపు సుఖం. నేనైతే దానికన్న రెండో తరపు అచ్చ విద్యుత్ కారునే ఎన్నుకుంటాను.

వెనక తలుపులు ముందు తలుపులు తెరిస్తే గాని తెరుచుకోవు. బడి దగ్గర పిల్లను దించాలంటే ముందున్నవారు తలుపు తీయాలి. నావంటివాడు వెనక కూర్చుంటే దిగడానికి ఇంకొకరి అనుగ్రహం కావాలి. ఉన్నవి నాలుగే సీట్లు. ఇంటి దగ్గర ఛార్జింగు పెట్టుకునే చోటు లేనివారికి, రోజూ నూరు మైళ్ళు పోయేవారికి ఇది తగదు. ఇంటికి ఒక దూరప్రయాణపు కారు ముందే ఉండి, రోజుకు నలభై మైళ్ళు ఊళ్ళో తిరిగేవారికి మాత్రం, అందులోనూ గరాజు గోడకు 240 వోల్టుల అమరిక ఉన్నవారికి, ఇంత వెలకు ఇంత వస్తువు మరొకటి కనబడదు. పాత విద్యుత్ కార్లకు 4,000 డాలర్ల వరకు ఇచ్చిన పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇంకా ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

హైదరాబాదు నుండి ఒకరిద్దరు అడగవచ్చు, మాకు తెప్పించుకునే దారి లేదా అని. మూడేళ్ళు దాటిన పాత కారు దిగుమతికి మన నిబంధనలు ఒప్పుకోవు. ఐ3 తయారీ ఆగి అంతకు మించే అయింది. ఆ ఆశ వదులుకోవలసిందే.

విందు ధర్మసూత్రాన్ని నిలబెట్టదలచినవారు వ్యాఖ్యలలో నిరభ్యంతరంగా వాదించవచ్చు. ఒక్కటే నియమం. తెలిసినవారి తెలిసినవారి కథ వద్దు. కారు సంవత్సరం, ఏ తరం బ్యాటరీ, ఆ పట్టికలో కనబడిన అంకె, ఈ మూడూ రాసి ఆ తరువాత వాదం మొదలుపెట్టండి.