సోకింది గాలి కాదు

పత్తి ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి ఒకామె కూలబడుతుంది. గుండె దడ, ఒళ్లంతా చెమట, ఊపిరి ఆడదు. "నా పాణం పోతున్నది" అంటుంది. కాసేపటికి వేళ్లు వంకరపోయి బిగుసుకుంటాయి, పక్కవాళ్లు సాగదీసినా సాగవు. "గాలి సోకింది" అని ఎవరో ఒకరు అంటారు. మా కోహెడ వైపు ఈ మాట విననివాళ్లు ఉండరు.

ముందు ఆ వేళ్ల సంగతి తేల్చుకోవాలి. దయ్యం పట్టిందనడానికి జనం చూపే పెద్ద సాక్ష్యం అదే. భయపడిన మనిషి తనకు తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాడు. రక్తంలో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది, నరాలకు అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది. దాంతో మూతి చుట్టూ తిమ్మిరి, కళ్లు తిరగడం, వేళ్లు బిగుసుకోవడం. ఊపిరి నెమ్మదిస్తే వేళ్లు వాటంతటవే వదులవుతాయి.

వైద్యులు దీన్ని పానిక్ అటాక్ అంటారు. ఇది పదే పదే వచ్చి, మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న బెంగ నెలకు పైగా వెంటాడితే పానిక్ డిజార్డర్. ఈ డిజార్డర్ వందమందిలో ఒకరిద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు.

అటాక్ నడక చూడండి. భయం పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, అరగంటలో చాలావరకు దిగిపోతుంది. ఏమీ చేయకపోయినా దిగిపోతుంది. భూతవైద్యుడికి కబురు పోయి, ఆయన వచ్చి, వేపమండలు తెప్పించి, విబూది పెట్టి, తాయెత్తు కట్టేసరికి ఆ అరగంట గడుస్తుంది. మనిషి తేరుకుంటుంది. పేరు మంత్రానికి వస్తుంది. ఊళ్లో ఎక్కించే గ్లూకోజు బాటిలుకు వచ్చే పేరు కూడా ఇలాంటిదే, దాన్ని వదిలేసి తాయెత్తును మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఇక మిరపకాయల పొగ వేయడం శుద్ధ క్రూరత్వం. ఊపిరాడటం లేదని మొత్తుకుంటున్న మనిషి ముక్కులోకి పొగ ఊదుతున్నారు.

తాయెత్తుతో నష్టమేముంది, ధైర్యమిస్తుంది కదా అంటారు. నష్టముంది. తాయెత్తు కట్టుకుని బస్సెక్కి క్షేమంగా దిగినామె "తాయెత్తు కాపాడింది" అనుకుంటుంది. బస్సులో అసలు ప్రమాదమే లేదని ఆమెకు ఎప్పటికీ తెలియదు. తాడు తెగిన రోజున గడప దాటదు. మెల్లగా చేను, సంత, చుట్టాలిల్లు అన్నీ దూరమవుతాయి.

అంతకంటే పెద్ద నష్టం, గాలి సోకిందన్నాక "ఎవరు చేయించారు" అన్న ప్రశ్న వస్తుంది. 2016 దాకా కోహెడ కరీంనగర్ జిల్లాలోదే. అదే పాత జిల్లాకు చెందిన జగిత్యాలలో 2022 జనవరిలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. అంతుబట్టని ప్రతి జబ్బుకూ ఒక మంత్రగాణ్ణి వెతికే అలవాటు అక్కడిదాకా తీసుకుపోతుంది.

మొదటిసారి అటాక్ వస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. గుండెజబ్బు, థైరాయిడ్, రక్తహీనత, షుగర్ పడిపోవడం కూడా ఇలాగే కనిపించవచ్చు. ఈసీజీ, రక్తపరీక్షలు మామూలుగా ఉన్నాక మాత్రం "నీకేం లేదు పో" అని పంపేయడం తప్పు. ఆమెకు ఉన్నది నిజమైన బాధ, దానికి మందుంది. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కాస్త ఆందోళన పెరగవచ్చు కాబట్టి డాక్టరును అడగకుండా మానకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలామ్ వెంటనే నిమ్మళమనిపిస్తుంది గానీ అలవాటు పడితే వదలడం కష్టం.

మందుతో సమానంగా పనిచేసేది మాటల చికిత్స. భయపడిన చోటికే అంచెలంచెలుగా వెళ్లడం అందులో ముఖ్యం. మొదట తోడుతో ఊరి చివరిదాకా, తర్వాత తోడుతోనే హుస్నాబాద్ బస్సు, ఆ తర్వాత ఒంటరిగా. దడ మొదలైతే దిగిపోకుండా, అది తగ్గేదాకా సీట్లోనే కూర్చోవాలి. పక్కనున్నవాళ్లు చేయాల్సింది గుంపును దూరం జరిపి, "ఇది తగ్గిపోతది, నిమ్మళంగా ఊపిరి వదులు" అని చెప్పడం. సలహా కోసం 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది, తెలుగులోనే మాట్లాడతారు.