ఎండకు చెడని విరుగుడు

పాము కరచినవానికి మందుండిన చాలదు. అది సకాలమున నందవలెను. ఆస్పరి ప్రాంతపు మెట్టచేలలో వేరుసెనగ పెరుకు కూలివానిని చిన్నపింజరి కరచినచో పెద్దాసుపత్రికై ఆదోనికి పరుగెత్తవలెను. ప్రతి యూరి వైద్యశాలలోను మందు నిలువ యుంచరాదా యని చదువరులు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. దానికి గల యడ్డంకులలో ఎండ యొకటి.

2000 మొదలు 2019 వరకు మన దేశమున సుమారు 12 లక్షలమంది పాముకాటుచే మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన లెక్కగట్టినది. వారిలో మిక్కిలిమంది పల్లెవారు. ఈ నష్టము హెచ్చుగా గల రాష్ట్రములలో ఆంధ్ర మొకటి.

నేటి విరుగుడు గుఱ్ఱపు రక్తమునుండి తీయబడుచున్నది. విషమును గుఱ్ఱమున కించుకించుక యెక్కించి, దాని రక్తమున బుట్టిన యాంటీబాడీలను వేరుచేసి, పెప్సిన్ అను జీర్ణరసముతో తునిమి, విషమును బట్టుకొను ముక్కలను మాత్రము మిగుల్తురు. ద్రవరూపమున నున్న మందునకు శీతలపేటిక తప్పదు. పొడిచేసిన మందు ఇంతకంటె నోర్చును. అది మన దేశమున వాడుకలో నున్నదని యొప్పుకొనుట న్యాయము. అయినను దానికిని చల్లని తావు కావలెను. వేసవిలో నలువది డిగ్రీలు దాటు సీమలో చల్లని తావెక్కడ?

1993లో బ్రస్సెల్సు శాస్త్రజ్ఞులు ఒంటె రక్తములో నొక వింత కనుగొనిరి. అందలి కొన్ని యాంటీబాడీల కొన, వేఱొక గొలుసు తోడు లేకయే విషమును బట్టగలదు. మామూలు యాంటీబాడీలో పదియవవంతు బరువుగల యీ తునుకకు నానోబాడీ యని పేరు. వేడికి మామూలు యాంటీబాడీ కోడిగ్రుడ్డు సొనవలె గడ్డకట్టును; నానోబాడీలలో పెక్కులు వేడికి విడివడియు చల్లారగనే తిరిగి ముడుచుకొని పనికివచ్చును. లోపల గంధకపు బంధము నొకటి యదనముగా జేర్చి వీని యోర్పును ఇంకను బెంచవచ్చును. పైగా వీనిని సూక్ష్మజీవులచే తొట్లలో బెంచవచ్చును; గుఱ్ఱముల మందతో పనిలేదు.

2025లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు ముఖ్యులుగా, ఒంటెజాతివగు లామా, అల్పాకాల నుండి తీసిన ఎనిమిది నానోబాడీల మిశ్రమముతో ఆఫ్రికా నాగజాతి పాములు 18లో 17టి విషమునుండి చుంచులను గాపాడిరి. సంతోషమే. కాని ఆ పాములు మనవి కావు. పింజరులు అందు లేనేలేవు. చిన్న తునుకలు మూత్రపిండముల గుండ వేగముగ జారిపోవును. కాటునుండి విషమో చాలసేపు ఊరుచునే యుండును. కావున ఆ తునుకలను జంటకట్టియో, మఱియొకదానితో జేర్చియో నిలుపవలసియుండును. ఇది చేయదగిన పనియే. బికనీరులోని ఒంటెల పరిశోధనాలయమున చిన్నపింజరి విషముపై ఒంటెలతో ప్రయోగములు ఇదివరకే జరిగినవి.

2030 నాటికి పాముకాటు మరణములను సగమునకు దించుదుమని కేంద్రప్రభుత్వము 2024లో ప్రణాళిక ప్రకటించినది. కొత్త విరుగుళ్లకు ధనమిచ్చునప్పుడు విషము నడంచు శక్తిని మాత్రమే గాక ఎండ నోర్చు శక్తిని గూడ షరతుగా బెట్టవలెనని మేము గోరుచున్నాము. ఆ మందును మే నెలలో ఆస్పరివంటి యూర కరెంటులేని గదిలో నెలదినములుంచి, పిమ్మట పరీక్షింతురు గాక.