టెలిఫోన్‌లో తప్పిపోయే ‘స’కారం

ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని శ్రీకాకుళం ప్రాంతం నుంచి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా ఉన్నాయి. అక్కడి సిద్ధగోరాలో నివసించే యువకుడొకడు ఇంటికి ఫోను చేశాడనుకుందాం. తన వద్దనే ఉండి పరీక్ష రాసిన తమ్ముడికి బొకారోలో ఉద్యోగం వచ్చింది. “చిన్నవాడి సంగతి ఏమయిందిరా?” అని తల్లి అడిగింది. “సెయిల్, అమ్మా!” అన్నాడు. బొకారో ఉక్కు కర్మాగారం ఆ సంస్థదే. తల్లికి మాత్రం “ఫెయిల్” అని వినిపించింది.

ఆ అక్షరం దారిలో పోలేదు. బయలుదేరక ముందే దానిని కత్తిరించివేశారు.

మానవుని చెవి సెకనుకు సుమారు 20 నుంచి 20,000 వరకు గల కంపనాలను గ్రహిస్తుంది. సంప్రదాయ టెలిఫోను 300 నుంచి 3,400 వరకే పోనిస్తుంది. అచ్చులను గుర్తుపట్టడానికి ఈ మేర చాలు. కాని ‘స’కారంలోని బుసలో అధికభాగం 4,000కు పైన ఉంటుంది. అది తొలగితే ‘స’కూ, ఇంగ్లీషు మాటల్లో వచ్చే ‘ఫ’కూ భేదం పలచబడుతుంది.

ఇంత లోభమెందుకు? పూర్వపు ట్రంకు మార్గాలలో ఒక్కొక్క గొంతుకు 4,000 కంపనాల గది కేటాయించి, 60,000 నుంచి 1,08,000 వరకు 12 గొంతులను పక్కపక్కనే సర్దేవారు. హద్దు దాటిన మాట పొరుగువారి మాటలో చొరబడుతుంది.

డిజిటల్ పద్ధతిలోని చిక్కు మరింత చిత్రమైనది. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా పంపుతారు. ఈ కొలతల వేగం ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ ఉండాలి. 1928లో హారీ నైక్విస్ట్ వేసిన పునాదిపై 1949లో క్లాడ్ షానన్ నిరూపించి చూపిన సూత్రమిది. దానిని మీరితే 5,000 కంపనాల ధ్వని 3,000 కంపనాల ధ్వనిగా వేషం మార్చుకొని వస్తుంది. సినిమాలో బండిచక్రం వెనక్కు తిరుగుతున్నట్లు కనిపించడం ఈ కోవలోనిదే. అంకెలుగా మారిన తరువాత అసలేదో వేషమేదో విడదీయడం సాధ్యం కాదు. కనుక కొలవక ముందే వడపోత తప్పదు.

కింది కొసలోనూ కోత ఉన్నదిగదా! పురుషుని గొంతులోని మూలస్వరం, ఉదాహరణకు 120, అక్కడే ఆగిపోతుంది. అయినా తండ్రి గొంతు స్త్రీ కంఠంలా వినిపించదు. దాటివచ్చిన 360, 480, 600ల మధ్య అంతరం 120 అని పసిగట్టి, లోపించిన స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. పాపం, ‘స’కారం అంత గట్టి ఆనవాళ్ళు మిగిల్చిపోదు.

నేటి మొబైళ్ళు అనేకం సెకనుకు 16,000 కొలతలు తీసి, 50 నుంచి 7,000 కంపనాల వరకు పంపగలవు. అయితే రెండు కొసలలోని పరికరాలూ, నడుమనున్న వ్యవస్థా అందుకు తగినవై ఉండాలి. ఒక్కటి పాతదైనా సంభాషణ మళ్ళీ 3,400కు దిగిపోతుంది. అప్పుడు సిద్ధగోరా కుమారుడు “ఫలంలో ఫ కాదమ్మా, సీతలో స!” అని విడమరచి చెప్పుకోవలసిందే.