కల విన్నవారికీ ఓ హద్దుంది

పొద్దున్నే కాఫీ కలుపుతూ ఓ ఇంటి కోడలు తనకు పన్ను ఊడినట్టు కల వచ్చిందని చెబుతుంది. అత్తగారి చేతిలో గరిటె ఆగిపోతుంది. ‘‘అర్ధరాత్రా, తెల్లవారుజామునా?’’ అని ఆవిడ మొదటి ప్రశ్న. తెల్లవారుజామునే అనగానే, ఇంట్లో ఎవరికో కీడు తప్పదని తేలిపోతుంది. మధ్యాహ్నానికి ఆ కల ఫోన్లో ఆడపడుచు దాకా పాకుతుంది. సాయంత్రానికి శాంతి చేయించాలన్న మాట వస్తుంది. ఈమధ్య నీ మనసులో ఏమైనా దిగులుందా అని ఆ అమ్మాయిని అడిగినవారు మాత్రం ఒక్కరూ ఉండరు. ఆ పూట ఆమెకు అన్నం సహించదు.

మన ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. పెదవి దాటితే పృథ్వి దాటుతుందన్న సామెత కలల విషయంలో అక్షరాలా నిజం.

తెల్లవారుజాము కల నిజమవుతుందన్న నమ్మకం సంగతీ చూడాలి. నిద్రలో కళ్ళు వేగంగా కదిలే దశ ఒకటుందని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో వెల్లడించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. రాత్రి గడిచేకొద్దీ ఆ దశ నిడివి పెరుగుతుంది. మెలకువకు దగ్గరగా వస్తాయి కాబట్టే తెల్లవారుజాము కలలు బాగా గుర్తుంటాయి. అందులో కీడూ లేదు, మేలూ లేదు.

కలకు అర్థం చెప్పేవారు ఎంత గొప్పవారైనా హద్దు దాటితే ఏమవుతుందో వియన్నాలో 1900లో జరిగిన సంగతి చెబుతుంది. సిగ్మండ్ ఫ్రాయిడ్ దగ్గరికి 18 ఏళ్ళ యువతిని తండ్రి వైద్యానికి తీసుకొచ్చాడు. ‘డోరా’ అన్నది ఆమెకు ఫ్రాయిడ్ పెట్టిన మారుపేరు. తండ్రి స్నేహితుడొకడు తనతో అసభ్యంగా ప్రవర్తించాడని ఆమె ఇంట్లో చెప్పింది. అతను బుకాయించాడు. తండ్రి అతని మాటే నమ్మాడు. ఇల్లు తగలబడుతున్నట్టు, తండ్రి మంచం పక్కన నిలబడినట్టు, తల్లి నగలపెట్టె తీసుకుని వెళ్దామంటున్నట్టు ఆమెకు పదేపదే కల వచ్చేది. ఆ కలను విప్పిన ఫ్రాయిడ్, ఆ స్నేహితుడిపై ఆమెకు లోలోపల ప్రేమ ఉందన్నాడు. కాదంటే ఆ కాదనడాన్నే రుజువుగా తీసుకున్నాడు. మూడు నెలలైనా నిండకముందే, ఆ డిసెంబరు 31న, ఆమె వైద్యం మానేసి వెళ్ళిపోయింది. ఆ మనిషి చేతనే తర్వాత ఆమె నిజం ఒప్పించిందని రాసింది కూడా ఫ్రాయిడే. 1905లో ఆమె అనుమతి లేకుండానే కేసంతా అచ్చయింది. అది కంటపడితే ఆమె బాధపడుతుందని ముందుమాటలో ఆయనే ఒప్పుకున్నాడు.

ఈ తప్పు జరగకుండా అమెరికన్ మనోవైద్యుడు మాంటేగ్ ఉల్మన్ ఓ పద్ధతి రూపొందించాడు. కల చెప్పాక వినేవారెవరూ ‘నీ కలకు అర్థమిది’ అనరు. ‘ఈ కల నాకే వచ్చి ఉంటే నాకిలా అనిపించేది’ అని మాత్రమే అంటారు. కల చెప్పినవారు తమకు తగిలిన మాట తీసుకుంటారు, మిగతాది వదిలేస్తారు, వద్దనుకుంటే ఎక్కడైనా ఆపేస్తారు. అక్కడ విన్నది గడప దాటదు. ఇంత చిన్న మర్యాద మన వంటింట్లో పాటించడానికి ఏ చదువూ అక్కర్లేదు.

కల కన్నవారికీ ఓ బాధ్యత ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో కోట కింద వెయ్యి టన్నుల బంగారం ఉందని ఓ సాధువుకు కల వచ్చిందంటే, 2013 అక్టోబరులో పురావస్తు శాఖ తవ్వకాలకు దిగింది. బంగారం దొరకలేదు. అక్కడ పోయింది శ్రమ, సమయం. అదే పక్కింటివాళ్ళు చేతబడి చేసినట్టు కలలో కనిపించిందని ఎవరైనా అంటే, పోయేది మనుషుల పరువు, ఒక్కోసారి ప్రాణం. కల ఎవరిమీదా సాక్ష్యం కాకూడదు.

రామాయణంలో త్రిజట కూడా తన కల బయటపెట్టింది. సీతను బెదిరిస్తున్న రాక్షస స్త్రీల నోరు మూయించడానికి చెప్పింది. కలల పేరుతో భయపెట్టి శాంతులు, తాయెత్తులు అంటగట్టేవాళ్ళు ఆమె పేరెత్తడానికి తగరు.

రేపు పొద్దున ఇంట్లో ఎవరైనా కల చెబితే చివరిదాకా వినండి. నీకేమనిపించిందని వాళ్ళనే అడగండి. వాళ్ళు సరేననేదాకా ఆ కలను ఇంకొకరి చెవిన వేయకండి.