రెండు లేబ్‌లు, రెండు అంకెలు: ఏది నమ్మాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మావారికి పరగడుపున రక్తంలో చక్కెర పరీక్ష చేయిస్తే రాజోలులో 118 వచ్చింది. నాలుగు రోజుల తర్వాత అమలాపురంలో చేయిస్తే 131 అన్నారు. మందులు మొదలుపెట్టాలా, వద్దా? ఏ లేబ్‌ది నిజం?

జవాబు: అమ్మా, మీ సందేహం సబబైనదే. పరగడుపు చక్కెర 126 గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహం అంటాం. 100 నుంచి 125 దాకా దానికి ముందు దశ. మీవారి అంకెలు ఆ గీతకు అటొకటి, ఇటొకటి పడ్డాయి. తేడా పదమూడే అయినా, జీవితాంతం మందు మింగాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడింది.

ఒకే మనిషిలో చక్కెర రోజురోజుకీ కొంత మారుతుంది. అది లేబ్ తప్పు కాదు. లేబ్ తప్పులు మాత్రం రెండు రకాలు. కిరాణా కొట్టులో కాటా ఉందనుకోండి. కిలో బెల్లాన్ని ఎప్పుడు తూచినా 950 గ్రాములే చూపిస్తే, దానికి నిలకడ ఉంది గాని నిజం లేదు. ఒకసారి 950, మరోసారి 1,050 చూపిస్తే సగటు సరిపోవచ్చు గాని నిలకడ లేదు. మంచి లేబ్‌కు రెండూ ఉండాలి.

ఈ సంగతి తేలేదెలా? ఒకే నమూనాను అనేక లేబ్‌లకు పంపి, జవాబులు పోల్చి చూడాలి. 1947లో అమెరికాలో బెల్క్, సుండర్‌మన్ అనే వైద్యులు ఇలాగే చేస్తే, చాలా ఫలితాలు పొంతన లేకుండా వచ్చాయి. మన దేశంలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజి ఇలాంటి పోలిక పరీక్షను ఏళ్ల తరబడి నడుపుతోంది.

మార్కులు వేసే పద్ధతి సులువే. ఒక నమూనాకు లేబ్‌లన్నిటి సగటు 120 అనుకుందాం. ఆ సగటుకు అటూ ఇటూ లేబ్‌లు మామూలుగా చెదిరే మేర 4 అనుకుందాం. దీన్నే ప్రామాణిక విచలనం అంటారు. 123 చెప్పిన లేబ్ సగటుకు 3 దూరం. 4తో భాగిస్తే స్కోరు 0.75. 130 చెప్పిన లేబ్‌కు 2.5. 134 చెప్పినదానికి 3.5. రెండు లోపు ఉంటే బాగున్నట్టు. రెండుకూ మూడుకూ మధ్య హెచ్చరిక. మూడు దాటితే లోపం వెతికి సరిదిద్దాలి.

ఒక్క నెల మార్కు చూస్తే చాలదు. నెలనెలా 1.5, 1.6, 1.4 వస్తుంటే ప్రతిసారీ పాసే. కాని అన్నీ ఒకే పక్కన ఉన్నాయి కనుక ఆ కాటా ఎక్కువ తూస్తోందన్నమాట. ఒక నెల 1.9 ఎక్కువ, మరు నెల 1.8 తక్కువ వస్తుంటే నిలకడ లోపించినట్టు.

ఈ మార్కులకు అందని తప్పు మరొకటుంది. పల్లెలో తీసిన రక్తాన్ని అలాగే ఉంచి, ఎండలో పట్నానికి తీసుకువెళితే, రక్తకణాలు చక్కెరను గంటకు నూటికి 5 నుంచి 7 వంతుల దాకా తినేస్తాయి. ఫ్లోరైడ్ వేసిన గొట్టంలో పోసినా అది పూర్తిగా పనిచేయడానికి నాలుగు గంటల దాకా పట్టవచ్చు. మీ 118 అలా తగ్గిన అంకె అయినా కావచ్చు. రక్తం ఎక్కడ తీశారు, ఎంతసేపటికి పరీక్షించారు అని అడగండి.

ఇక మీరు చేయవలసింది: ఒక్క అంకె చూసి మందులు మొదలుపెట్టవద్దు, ఏమీ లేదని ఊరుకోనూ వద్దు. ఎనిమిది గంటలు ఉపవాసముండి, లేబ్‌కే వెళ్లి మళ్లీ రక్తమివ్వండి. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బిఎ1సి కూడా చేయించండి, అది 6.5, ఆపైన ఉంటే మధుమేహమే. ‘మీరు బయటి పోలిక పరీక్షలో పాల్గొంటున్నారా?’ అని లేబ్‌వారిని నిస్సంకోచంగా అడగండి. ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్న లేబ్‌కు అది తప్పనిసరి. తర్వాత ఎప్పుడూ అదే లేబ్‌లో చేయించి, కాగితాలన్నీ దాచి డాక్టరుగారికి చూపించండి. ఈలోగా అన్నం కాస్త తగ్గించి, రోజూ అరగంట నడవమని మీవారికి చెప్పండి. ఆ సలహా 118కీ, 131కీ కూడా వర్తిస్తుంది!