పాచి చెప్పే లెక్క

సూరత్ నగరపు తూర్పు భాగాన ఉన్న పర్వత్ పాటియా వస్త్ర వ్యాపారపు సందడి గల ప్రాంతం. మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో అనేకం. ఇరుకైన ఇళ్లలో తోటకు తావు లేదు. గాజుతొట్టి మాత్రం గోడవార ఇమిడిపోతుంది. నగరపాలక సంస్థ 2014లో పాల్ ప్రాంతంలో నెలకొల్పిన జగదీశ్ చంద్ర బోస్ అక్వేరియంను చూసివచ్చిన పిల్లలకు అటువంటి వింత తమ ఇంట కూడా ఉండాలనిపించడం సహజమే.

అయితే తొట్టి ఇంటికి వచ్చిన కొన్ని వారాలకే చిక్కు మొదలవుతుంది. గాజుపై గోధుమరంగు పొర కడుతుంది. దాని వెనుక పచ్చని మరకలు వస్తాయి. చివరకు నీరే పసరు కలిపినట్లు మారి, చేపలు కనిపించకుండా పోతాయి. గృహస్థు విసిగి తొట్టిని ఖాళీ చేసి, గులకరాళ్లను సబ్బుతో తోమి, కుళాయి నీరు నింపుతాడు. తరచుగా ఆ తరువాత చనిపోయేవి చేపలు. తిరిగి వచ్చేది పాచి.

ఇందుకు కారణమేమి? పాచికి కావలసినవి రెండే: వెలుతురు, ఎరువు. ఆ రెండింటినీ సమకూర్చేది యజమానియే. చేపలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జనలు కుళ్లి అమ్మోనియా పుడుతుంది. రాళ్లపైన, వడపోత స్పాంజిలోను నివసించే సూక్ష్మజీవులు ఆ విషాన్ని క్రమంగా నైట్రేటుగా మారుస్తాయి. సబ్బుతో తోమినప్పుడు నశించేవి ఈ ఉపకారులే. అవి లేని నీటిలో అమ్మోనియా పెరిగి చేపల ప్రాణం తీస్తుంది. మేతలోని భాస్వరం, మిగిలిన నైట్రేటు మాత్రం పాచికి విందు.

భాస్వరపు మహిమను కెనడా శాస్త్రజ్ఞుడు డేవిడ్ షిండ్లర్ 1973లో ఆరంభించిన ప్రయోగం లోకానికి చాటింది. ఆంటారియో రాష్ట్రంలో 226వ సంఖ్య గల సరస్సును ఒక తెరతో రెండుగా విభజించారు. ఒక సగంలో కర్బన, నత్రజని పదార్థాలు కలిపారు. రెండవ సగంలో వాటితో పాటు భాస్వరం కూడా చేర్చారు. భాస్వరం చేరిన సగం పచ్చబడింది. హైదరాబాదు హుస్సేన్ సాగర్ పచ్చబడటానికి మూలం మురుగునీరు తెచ్చే ఇటువంటి పోషకాలే. గుప్పెడు మేత పడిన గాజుతొట్టి కూడా ఒక చిన్న హుస్సేన్ సాగరే.

కనుక చికిత్స మేతతోనే ఆరంభించాలి. రెండు మూడు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినగలిగినంత మాత్రమే వేయడం మంచిది. వారానికొకసారి నాలుగవ వంతు నీటిని, అడుగున చేరిన మడ్డితో సహా, గొట్టంతో తోడివేయాలి. ఆ తోడిన నీటిలోనే స్పాంజిని పిండి కడగాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ ఉపకార జీవులను చంపుతుంది. కొత్తగా పోసే నీటిని ఒక దినం బకెట్లో నిలువ ఉంచాలి, లేదా హైపోతో క్లోరిన్‌ను విరిచి పోయాలి.

రెండవది వెలుతురు. కిటికీ ఎండ పడే చోట తొట్టిని ఉంచరాదు. దీపం రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు చాలు. నీరే పచ్చబడినప్పుడు మూడు నాలుగు దినాలు దీపమార్పి, మేత ఆపి, తొట్టిని దళసరి నల్లగుడ్డతో పూర్తిగా కప్పాలి. గాలి బుడగల యంత్రాన్ని మాత్రం ఆపరాదు. ఆరోగ్యంగా ఉన్న చేపలు ఈ ఉపవాసానికి తట్టుకుంటాయి, పాచి తట్టుకోలేదు. గుడ్డకు సూరత్‌లో కొదవ లేదు కదా! తరువాత కొంత నీరు మార్చాలి, లేనిచో చచ్చిన పాచియే మళ్లీ ఎరువవుతుంది.

పాచి రూపాన్ని బట్టి మరి కొంత తెలుసుకోవచ్చు. కొత్త తొట్టిలోని గోధుమరంగు పొర సాధారణంగా తనంతట తానే తగ్గుతుంది. దుర్వాసనతో, పొరలుగా ఊడివచ్చే నీలి ఆకుపచ్చ జిగురు నిజానికి పాచి కాదు, ఒక జాతి బాక్టీరియా. దానిని తోడివేసి అడుగును శుభ్రపరచాలి. మైలుతుత్తం వంటి మందులు పాచితో పాటు నత్తలను చంపుతాయి, చేపలకూ హాని చేస్తాయి.

ఈ సమస్య అక్వేరియం పుట్టుకతోనే పుట్టినది. 1850లో లండన్ రసాయనజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను ఒకే పాత్రలో ఉంచాడు. కుళ్లిన ఆకుల వల్ల పాచి పట్టగా నీటి నత్తలను చేర్చాడు. అవి పాచిని తిన్నాయి. వాటి గుడ్లు, పిల్లలు చేపలకు ఆహారమైనాయి. మొక్క, నత్త, చేప ఒకదాని లోటును ఒకటి తీర్చుకొన్నాయి. వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటి మొక్కలు నేడు కూడా పాచి కన్న ముందుగా ఎరువును పీల్చుకొని ఆ మేలే చేస్తాయి.

పాచిని తింటుందని దుకాణాల్లో అమ్మే సకర్ చేప సంగతి మాత్రం వేరు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప అంగుళాల పిల్లగా ఇంటికి వచ్చి, అడుగుకు మించి పెరుగుతుంది. అది విసర్జించే మలంతో నీరు మరింత చెడుతుంది. తొట్టిలో పట్టక, చంపడానికి మనసొప్పక, జనులు దానిని చెరువులో వదులుతారు. అటువంటివే నేడు కృష్ణా తీరంలో ‘దెయ్యం చేప’ అనే పేర జాలరుల వలలు చింపుతున్నాయి. తూర్పు కనుమల జలాశయాల్లో దాని వ్యాప్తిని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలోని డీఎన్ఏ ద్వారా గుర్తించారు. పెంచలేని చేపను దుకాణదారునికి తిరిగి ఇవ్వాలి. తాపీలో గాని, ఊరి చెరువులో గాని వదలరాదు.

రాళ్లపై పలుచని పచ్చదనం కొంత మిగిలినా దిగులు పడనక్కర లేదు. చేపలు దానిని కొరుక్కు తింటాయి. అది హద్దు మీరినప్పుడు గృహస్థు మొదట చూసుకోవలసినది మందుల సీసాను కాదు. మేత డబ్బాను, దీపపు స్విచ్చిని.