చిట్టచివరి సైకిలు

రాయలసీమ వారికి రాత్రి ప్రయాణం క్రొత్త విషయం కాదు. వేసవి ఎండకు ఎద్దులు సొమ్మసిల్లే ఈ సీమలో బరువు బండ్లు పొద్దు వాలిన పిమ్మటనే దారి పట్టేవి. ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడుతూ ఉండగా, ఒకదాని వెనుక ఒకటిగా, తెల్లవారే సరికి సంతకు చేరేవి. ఆ వరుసలో వెనుకబండి లాంతరు కనబడకపోతే ముందుబండి నిలిచేదని పెద్దలు చెప్పగా విన్నాము. ఆ బండ్లు పోయినవి. ఆ నియమం కూడా వాటితోనే పోయినదా అన్నదే నేడు నా సందేహం.

ఈ సందేహం కలగడానికి కారణం లేకపోలేదు. ఇటీవలి కాలంలో యువకులు గుంపుగా కూడి రాత్రివేళ సైకిళ్లపై దూర ప్రయాణాలు చేయడం ఒక ముచ్చటగా మారినది. హైదరాబాదు వంటి నగరాలలో 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు నియమితమైన గడువులతో జరుగుతున్నవి. నగరంలో పుట్టిన ముచ్చట పల్లెకు రావడానికి ఎక్కువ కాలం పట్టదు. రావలసినదే అని నా అభిప్రాయం. మన పాఠశాలల పెద్ద విద్యార్థులకూ, కళాశాలల వారికీ ఏడాదికి ఒక రాత్రి ఇట్టి యాత్ర ఉండడం మంచిది. అయితే అది ఏ రూపంలో రావాలి, ఎవరి వేగంతో నడవాలి అన్న విషయం ముందుగా తేల్చుకొనవలసి ఉన్నది.

ఇట్టి యాత్రకు ముద్దనూరు కంటె అనువైన చోటు మరొకటి అరుదు. మద్రాసు, బొంబాయి నగరాలను కలిపే రైలుమార్గం మీద ఉన్న ఊరు ఇది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, తాడిపత్రి దారులు ఇక్కడ కలుస్తవి. తూర్పున కొద్ది దూరంలో, ఎర్రగుంట్ల దారిలో, కలమళ్ల ఉన్నది. రేనాటి చోళ రాజైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం ఆ ఊరి ఆలయ ప్రాంగణంలో దొరికినది. సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించిన ఆ శాసనం, లభించిన తెలుగు శాసనాలలో మొదటిదిగా ప్రసిద్ధి పొందినది. ఆ కలమళ్ల ప్రక్కనే 1994లో మొదటి యూనిటు ప్రారంభమైన రాయలసీమ తాపవిద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తవి. ఇక వాయవ్య దిశగా పోతే గండికోట. ఎర్రమల కొండలను కోసుకొని పెన్న పారే గండి వలననే ఆ కోటకు ఆ పేరు వచ్చినది. సాయంకాలం కలమళ్లలో మన భాష మొదటి అక్షరాల చోటు చూచి, రాత్రి ముద్దనూరులో భోజనం చేసి, జమ్మలమడుగు దిక్కుగా సాగి, గండికోట మీద సూర్యోదయం చూడవచ్చును. చరిత్ర, భూగోళం, భాష ఒక్క రాత్రిలో విద్యార్థి కాళ్ల క్రిందికి వస్తవి. ముద్దనూరు నుండి ఈ దూరం నలభై కిలోమీటర్ల లోపే.

దూరం చిన్నది గదా, ఏర్పాట్లకు ఏమంత శ్రమ అనుకొనే ఉపాధ్యాయులకు నా అనుభవం ఒకటి విన్నవిస్తాను. కొన్నేళ్ల క్రిందట ఇట్టి యాత్రలో నేనూ ఉన్నాను. ముప్పై సైకిళ్లు. వెన్నెల రాత్రి. బయలుదేరినప్పుడు అందరమూ కలిసే ఉన్నాము. గాలి చల్లగా తగిలేసరికి బలం గల పిల్లలు ముందుకు దూసుకొనిపోయిరి. వారిని అందుకొనవలెనని మిగిలినవారు త్రొక్కిరి. పెద్దలమైన మేమూ ఆ ఉత్సాహంలోనే పడితిమి. పది కిలోమీటర్లు దాటి ఒక చెట్టు క్రింద ఆగి లెక్క చూచుకొంటే ఇరవై తొమ్మిది.

వెనుకకు మరలి పోయి వెదకితిమి. రెండు మైళ్ల అవతల ఒక కల్వర్టు గోడ మీద ఆ పిల్లవాడు కూర్చొని ఉన్నాడు. చైను తెగిపోయినది. సైకిలును కొంత దూరం నెట్టుకొని వచ్చి, అలసి ఆగిపోయినాడు. ఏడుస్తూ ఉంటాడని భయపడితిమి గాని, వాడు ఏడవలేదు. నన్ను చూచి ఒకే మాట అడిగినాడు: "నేను లేనని మీకెప్పుడు తెలిసింది సార్?"

నా వద్ద సమాధానం లేదు. చెట్టు క్రింద ఆగకపోయి ఉంటే తెల్లవారేదాకా తెలిసేది కాదు. వానిని వేరొక సైకిలు వెనుక క్యారియరుపై కూర్చోబెట్టుకొని యాత్ర పూర్తి చేసితిమి. సూర్యోదయం చక్కగానే ఉన్నది. ఫోటోలలో ముప్పై మందిమీ ఉన్నాము. మరుసటి ఏడు యాత్రకు పేర్లు అడిగినప్పుడు మాత్రం వాడు చేయి ఎత్తలేదు. చైను తెగడం ఎవరి తప్పూ కాదు. చైను తెగినవాడు ఒంటరి కావడం మాత్రం మా తప్పు.

సైకిలు యాత్రల చరిత్రలోనే రెండు మార్గాలు కనబడుతున్నవి. 1891లో పారిస్ నగరంలోని ఒక దినపత్రిక పారిస్ నుండి బ్రెస్టు రేవుకు, తిరిగి పారిస్‌కు, 1200 కిలోమీటర్ల పందెం ఏర్పాటు చేసినది. షార్ల్ తెరాఁ అనేవాడు నిద్రకు ఆగకుండా సుమారు 72 గంటలలో ఆ దూరం ముగించి గెలుపొందినాడు. ఆ దారి నేటికీ ఉన్నది. నాలుగేండ్లకొకమారు వేలాది మంది అక్కడ కూడుతున్నారు. ఇప్పుడు అది పందెం కాదు. 90 గంటల గడువులోగా ముగించినవారందరూ సమానులే. కాని అక్కడ ఎవరి ప్రయాణం వారిదే, ఎవరి బాధ్యత వారిదే. ఇది ఒక మార్గం.

రెండవది వేరు. 1897లో ఇటలీలో కొందరు రోము నుండి నేపుల్సుకు ఒక్క పగటిలో సైకిళ్లపై పోవడానికి పూనుకొన్నారు. లాటిన్ భాషలో ధైర్యశాలి అని అర్థమిచ్చే 'ఆడాక్స్' అన్న పేరు వారికి వచ్చినది. 1904లో ఫ్రాన్సులో ఆ పేరుతో ఒక పద్ధతి వెలసినది. ఆ పద్ధతిలో అందరూ ఒకే గుంపుగా, ఒకే వేగంతో పోవలెను. గుంపుకు ముందు ఒక నాయకుడు ఉంటాడు. అతనిని దాటి ఎవరూ పోరాదు. ఈ పద్ధతిని ఫ్రాన్సులో ప్రవేశపెట్టినవాడు ఆంరీ దెగ్రాంజ్. అంతకు ముందు ఏడు, అంటే 1903లో, ప్రపంచ ప్రసిద్ధమైన టూర్ ద ఫ్రాన్స్ పందెాన్ని ప్రారంభించినవాడూ అతడే. పందెం విలువ బాగా తెలిసిన మనిషే పందెం పనికిరాని చోటు ఒకటి ఉన్నదని గుర్తించినాడన్నమాట.

మన పాఠశాలలకు ఈ రెండవ మార్గమే తగినది. పందెాలకు మనకు కొరత లేదు. మార్కులలో పందెం, ర్యాంకులలో పందెం, ఆటస్థలంలో పందెం. ముందున్నవాడు వెనుకకు తిరిగి చూడవలసిన అవసరం కలిగించే పాఠం మన పాఠ్యప్రణాళికలో ఎక్కడ ఉన్నది? ఒక్క రాత్రి సైకిలు యాత్ర ఆ పాఠం చెప్పగలదు. అయితే యాత్ర దానంతట అది చెప్పదు. దానిని ఏర్పాటు చేసే తీరు చెప్పవలెను.

ఆ తీరు ఏమనగా, అందరిలో నెమ్మదైన విద్యార్థి వేగమే అందరి వేగం కావలెను. దానిని యాత్రకు వారం ముందే ఒక సాయంకాలం పది కిలోమీటర్లు త్రొక్కించి తెలుసుకొనవచ్చును. గంటకు పది కిలోమీటర్లు వస్తే చాలు. నలభై కిలోమీటర్లకు నాలుగు గంటలు, మూడు విశ్రాంతులకు గంటన్నర. అర్ధరాత్రి బయలుదేరితే అయిదున్నరకు గమ్యం చేరవచ్చును. ఇంతకంటె తొందర ఎవరికి, దేనికి?

ఎనిమిదేసి మందిని ఒక జట్టుగా చేసి, ప్రతి జట్టుకూ ముందొకరు, వెనుకొకరు పెద్దవారు ఉండవలెను. ముందువాని కంటె వెనుకవాని పదవి పెద్దది. పంపు, పంచరు సామాను, చైను బిగించే పనిముట్టు, చికిత్సపెట్టె అతని వద్దనే ఉండవలెను. అతని కంటె వెనుక ఎవరూ ఉండరాదు. ఈ పదవికి మంచి బలం గల విద్యార్థినే ఎన్నుకొని ఉపాధ్యాయునికి తోడుగా ఇవ్వవలెను. వేగంగా త్రొక్కగలిగినవాడు బుద్ధిపూర్వకంగా వెనుక ఉండడం ఎంతటి నిగ్రహమో ఆ రాత్రి వానికి తెలుస్తుంది. ప్రతి అయిదు కిలోమీటర్లకూ ఆగి లెక్క చూడవలెను. తలలు లెక్కపెట్టడం కాదు, పేర్లు పిలవవలెను. తరగతిలో హాజరు పిలవడం అలవాటైన మనకు అది కష్టం కాదు.

ఇక దీపం సంగతి. ఒకప్పుడు దీపం లేని సైకిలును రాత్రివేళ పోలీసులు ఆపేవారు. డైనమో గిరగిర శబ్దం వినిపించని వీధి ఉండేది కాదు. నేడు ఆ కట్టుబాటు సడలినది. ముందు తెల్లని దీపం, వెనుక ఎర్రని దీపం, వెలుగు పడితే మెరిసే పట్టీ ఉన్న చొక్కా, ఈ మూడూ లేని సైకిలు ఆ రాత్రి రోడ్డు ఎక్కరాదు. కొనలేని విద్యార్థికి పాఠశాల కొని ఇవ్వవలెను. దీపం లేదని పేదపిల్లవానిని ఇంటి దగ్గర ఉంచితే, కల్వర్టు మీద ఒకనిని విడిచివచ్చిన మా తప్పునే బయలుదేరక ముందే చేసినట్లవుతుంది.

పుష్య, మాఘ మాసాల పున్నములు దీనికి మంచివి. వానలు వెనుకబడి ఉంటవి, ఎండలు ఇంకా ముదరవు. నిండు చంద్రుడు రాత్రంతా తోడు ఉంటాడు. ఇంగ్లండులో లండన్ నగరం నుండి డన్‌విచ్ సముద్రతీరానికి ఏటా వేసవిలో జరిగే రాత్రి యాత్రకు కూడా పున్నమికి దగ్గరి శనివారమే ఎన్నుకొంటారు.

ఆడపిల్లల మాట వచ్చేసరికి మన పెద్దలు చాలమంది నోరు మూసుకొంటారు. రాత్రి ప్రయాణానికి ఆడపిల్లలెందుకని కొందరు బాహాటంగానే అంటారు. వారికి తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా సంగతి గుర్తు చేయవలసి ఉన్నది. 1991లో అక్కడ సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో చదువుతోపాటు సైకిలును కూడా స్త్రీలకు నేర్పినారు. వేలాది మంది గ్రామీణ స్త్రీలు సైకిలెక్కినారు. మొదట ఎగతాళి చేసిన ఊళ్లే తరువాత అలవాటు పడినవి. నీళ్లకు, పనికి, చదువుకు మగవాని తోడు కోసం కాచుకొని కూర్చొనే అవసరం వారికి తగ్గినది. మన ఆడపిల్లలు బడికి సైకిలుపై వస్తున్నారు. బడికి వచ్చే దారి వారిదైనప్పుడు, గండికోటకు పోయే దారి వారిది ఎందుకు కారాదు? ఉపాధ్యాయినులు తోడు ఉండవలెను, తల్లిదండ్రులను పిలిచి ఏర్పాట్లన్నీ చూపించి లిఖితంగా అనుమతి పొందవలెను. ఆ జాగ్రత్త మగపిల్లల విషయంలో కూడా అంతే అవసరం. ఒకరికి జాగ్రత్త, మరొకరికి నిషేధం అనడం న్యాయం కాదు.

ఇంత చెప్పినా ఒక ఆక్షేపణ మిగిలే ఉన్నది. రాత్రిపూట ఈ రోడ్లపై సిమెంటు లారీలు, బూడిద లారీలు, నాపరాళ్ల బండ్లు తిరుగుతుంటవి గదా, పిల్లలను ఆ వాహనాల నడుమకు పంపడం బుద్ధిమంతుల పనియేనా? ఈ ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు. నేనూ కొట్టివేయను. అందుకే పోలీసు ఠాణాకు ముందుగా తెలియజేసి, గుంపు వెనుక దీపాలు వెలిగించిన వాహనం ఒకటి నెమ్మదిగా నడిపించవలెను. ఎడమ ప్రక్కన ఒకే వరుసలో పోవలెను. మంచు దట్టమైనా, వాన పడినా, వాహనం కుదరకపోయినా ఆ రాత్రి యాత్ర మానివేయవలెను. మానివేసే ధైర్యం లేనివాడు యాత్ర నడిపించడానికి తగడు. మరొక ముఖ్య విషయం: లారీ కంటె నిద్ర ప్రమాదకరం. తిరుగు ప్రయాణంలో పిల్లలను త్రొక్కించరాదు. సైకిళ్లను ట్రాక్టరు మీద వేసి, వారిని బస్సులో పంపవలెను. వచ్చేటప్పుడు కూడా త్రొక్కితేనే ఘనత అనుకోవడం వట్టి బడాయి.

ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆనందం ఎక్కడ మిగులుతుందని విద్యార్థులు అడగవచ్చును. మిత్రులారా, నిద్రించే ఊళ్ల మీదుగా, నాపరాళ్ల గోడల ప్రక్కగా, మాటలు వినబడేంత దగ్గరగా కలిసి పోవడంలోని ఆనందం ఒంటరిగా ముందుకు దూసుకొనిపోయేవానికి దొరకదు. నలభై కిలోమీటర్లు ఒక్కడే త్రొక్కినవాడు దూరాన్ని చూస్తాడు. నలభై మందితో త్రొక్కినవాడు మనుషులను చూస్తాడు.

తెల్లవారుజామున గండికోట చేరి, మాధవరాయని ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం దాటి లోయ అంచుకు నడిచిపోతే, పడమట చంద్రుడు దిగుతుంటాడు, తూర్పున వెలుగు పొడుస్తుంటుంది. క్రింద పెన్న. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు దూరదేశం నుండి ఈ కోటకు వచ్చినాడు. మన పిల్లలు ముద్దనూరు నుండి రావడానికి ఇంత ఆలోచించవలసి రావడం చిత్రమే.

అయితే సూర్యుని చూడక ముందు ఒక పని చేయండి. పేర్లు పిలవండి. చిట్టచివరి సైకిలు వచ్చి నిలిచినదాకా ఎవరూ అంచుకు పోవద్దు. కల్వర్టు మీద ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు నేను ఆ నాడు సమాధానం చెప్పలేకపోయినాను. అట్టి ప్రశ్న అడగవలసిన అవసరం ఏ విద్యార్థికీ కలగని యాత్రను ఎవరు నడిపించినా, వాని వెనుకబండి లాంతరు ఆరిపోలేదని నేను నమ్ముతాను.